దారిలో ఆపకూడని బండి

మీ ఇంట్లో పొద్దు ఎలా మొదలవుతుందని ఆ ఏడు ఎవరైనా నన్ను అడిగి ఉంటే, వ్యాను తోయడంతో మొదలవుతుందని చెప్పేదాన్ని. మిగతా ఇళ్ళలో ఆడవాళ్ళు వాకిలి ఊడుస్తారు, కాఫీ పెట్టుకుంటారు. బాగలూరుకు అవతల మా చామంతి తోటల ఊళ్ళో నేనూ మా అత్త పుట్టమ్మా మాత్రం కొంగులు బిగించి వ్యాను వెనక నిలబడేవాళ్ళం. షిఫ్టు లేని రోజు మా ఆయన దర్శన్ కూడా ఒక భుజం వేసేవాడు. స్టీరింగు దగ్గర మా మరిది రక్షిత్ కూర్చునేవాడు. మా మామ ఆంజినప్ప తోసేవాడు కాదు. పక్కన నిలబడి “ఊ, ఊ, వదలద్దండి” అని హుకుం జారీ చేసేవాడు.

అదొక పాత పెట్రోలు వ్యాను. వెనక సీట్లు పీకేసి, పూల మూటలు వేసుకోవడానికి పెట్టుకున్నాం. దాని సెల్ఫు ఎప్పుడో పోయింది. తాళం తిప్పితే లోపల టిక్కుమంటుంది తప్ప ఇంజను అందుకోదు. అందుకని ఇంటి ముందు ఏటవాలుగా ఉన్న చోట నిలిపి, చక్రాల కింద రాళ్ళు పెట్టేవాళ్ళం. తెల్లవారుజామున రాళ్ళు తీసి తోస్తే, కిందికి దొర్లుతూ దొర్లుతూ నాలుగుసార్లు దగ్గి ఎలాగో లేచేది. ఒకసారి లేచిందంటే ఇక దాన్ని ఆపకూడదు. హోసూరు మార్కెట్లో మూటలు దించేటప్పుడూ ఆపకూడదు, దారిలో టీ తాగేటప్పుడూ ఆపకూడదు. తిరిగి ఇంటి ముందు ఏటవాలుకు వచ్చాకే ఆపాలి. ఇది మా మామ పెట్టిన చట్టం.

మెకానిక్కు బండిని కొన్ని రోజులు తన షెడ్డులో వదలమన్నాడు. వినాయక చవితి నుంచి ఆయుధ పూజ దాకా చామంతులకు తీరిక ఉండదు. కోసిన పువ్వు ఆ పూటే మార్కెట్టు చేరాలి. “పూజ కానీలే. ఆ తర్వాత బండి ఆయప్ప దగ్గర్నే పడుండనీ” అన్నాడు మామ. అందులో మాకెవరికీ తప్పు కనిపించలేదు. ఇప్పుడు తప్పులు వెతికేవాళ్ళకు అన్నీ కనిపిస్తాయి గానీ, ఆ కాలంలో మా ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళి అడిగినా అదే మాట అనేవాళ్ళు.

రక్షిత్‌కు ఆ వ్యాను మీద ఎక్కడలేని ప్రేమ. ముసలమ్మ అని పిలిచేవాడు. పొద్దున్నే దాని అద్దం తుడుస్తూ “లేమ్మా ముసలమ్మా, ఈ పొద్దన్నా మా వదిన నడుము విరగ్గొట్టకుండా లెయ్యి” అని బతిమాలేవాడు. నాతో పరాచికాలు మరీ ఎక్కువ. మా పుట్టిల్లు డెంకణికోట అడవి పక్కన.

“వదినా, మీ నాయనకు ఫోన్ చేసి ఒక ఏనుగును పంపమను. మనకు ఈ తోసే పని తప్పుతుంది” అనేవాడు.

“అది వస్తే మీ చామంతులు మిగలవు రక్షితా. నన్ను పంపించినారు గదా, అది చాలదా” అనేదాన్ని.

అత్త నవ్వు ఆపుకోలేక తోయడం మానేసేది. మామ అరిచేవాడు. అలా నవ్వుకుంటూ తోసిన బండి అది. దాన్ని నేను ద్వేషించాలని ఎంత ప్రయత్నించినా, ఆ నవ్వులు అడ్డం వస్తాయి.

చవితి అయిన కొన్ని రోజులకు, గాజులు కొనుక్కోవాలని నేనూ మామతో, రక్షిత్‌తో పూల బండిలో హోసూరు వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు పెట్రోలు కోసం బంకులోకి తిప్పాడు రక్షిత్. అక్కడ పెట్రోలు పోసే పెద్దమనిషి గొట్టం చేతిలోకి తీసుకోకుండానే “ఇంజను ఆపండప్పా” అన్నాడు.

“ఆపితే నువ్వు తోస్తావా” అన్నాడు మామ.

“తోస్తాను పెద్దాయనా, కావాలంటే అందరం తోస్తాము. ఆపితేనే పోస్తాను.”

“నిన్నటి దాకా ఇంకొక బంకులో ఇట్లే పోసినారు గదా. ఆడ మండలేదు, ఈడ మండుతుందా?”

రక్షిత్ తల బయటికి పెట్టి చూసి, మెల్లగా అన్నాడు. “నాయనా, ఆయన చెప్పేది నిజమే. పోసేటప్పుడు పెట్రోలు ఆవిరి చుట్టూ తిరుగుతా ఉంటుంది. ఇంజను ఆడతా ఉంటే యాడో ఒక చోట వేడి ఉంటుంది, నిప్పురవ్వ ఉంటుంది. దినామూ ఏమీ కాదు. అయ్యే దినం తెలీదు. ఆపుదాం, నేను దిగి తోస్తాను.”

“బండ్లు నువ్వు నాకు నేర్పిస్తావా” అన్నాడు మామ. కోపంగా కూడా కాదు. అంత మామూలుగా అన్నాడు. రక్షిత్ తల లోపలికి తీసుకున్నాడు.

అప్పుడు మామకొక ఉపాయం తట్టింది. వ్యానులోంచి ఖాళీ క్యాను తీసి బంకాయన ముందు పెట్టాడు. “సరే, దీనికి పొయ్యి. దీనికి ఇంజను లేదు గదా” అన్నాడు. బంకులో నిలబడ్డవాళ్ళంతా గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. బంకాయన ససేమిరా అన్నాడు, గొణిగాడు, చివరికి వెనక బండ్లు హారన్లు కొడుతుంటే పోసేశాడు. మేము రోడ్డు మీద కొంచెం దూరం వెళ్ళి, పక్కకు తీసి, ఇంజను ఆడుతుండగానే గరాటు పెట్టి క్యానులోంచి ట్యాంకులోకి వంచుకున్నాం. పోసింది రక్షిత్. మామ ఆ రోజంతా తన తెలివికి తనే మురిసిపోయాడు. ఆ తర్వాత మాకు ఇక బంకుతో తగవు లేదు. క్యాను నింపుకు రావడం, ఎక్కడ అవసరమైతే అక్కడ పోసుకోవడం. ఆ కాలమంతా అదే పద్ధతైపోయింది.

ఆయుధ పూజ దగ్గరపడేసరికి పూల ధరలకు రెక్కలొచ్చాయి. హోసూరు కంపెనీల్లో ప్రతి మిషనుకూ దండ కావాలి, ప్రతి లారీకీ, ఆటోకీ దండ కావాలి. మేము ముఖాలు కడుక్కోవడం కూడా మరిచిపోయి కోశాం. పూజ ఇంకా రెండు రోజులుందనగా, ఆ ఉదయం ఒక లోడు దించి వచ్చి, రెండో లోడు తోట గట్టు దగ్గరే ఎక్కిస్తున్నారు. వ్యాను ఎప్పటిలాగే ఆడుతూ ఉంది. నేను కొంచెం అవతల సాళ్ళలో వంగి కోస్తున్నాను. వాళ్ళ మాటలు నాకు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

“పెట్రోలు ముల్లు కిందికి పడిపోయిందిరా. మార్కెట్టు దాకా రాదు. ఈడనే పోసెయ్యి” అన్నాడు మామ.

“ఒక్క నిమిషం ఆపి పోస్తాను నాయనా. ఇంజను పొద్దన్నించి కాలతా ఉంది.”

“ఈ దున్నిన నేల మీద యాడ తోస్తావు? పొద్దెక్కతా ఉంది, పొయ్యి.”

“సరే నాయనా.”

గరాటు జారిందో, పూల తడికి చెయ్యి జారిందో నేను చూడలేదు. పెట్రోలు చిమ్మి కింద సైలెన్సరు మీద పడి ఉంటుందని తర్వాత పోలీసులు అన్నారు. నేను చూసింది ఒక్కటే. బుస్సుమన్న చప్పుడుకు తలెత్తేసరికి నా మరిది మంటల్లో ఉన్నాడు. క్యాను ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని దూరంగా విసిరేసి, మా వైపు రాకుండా, ఎవరూ లేని వైపుకు పరుగెత్తాడు. మామ తడి గోనెసంచులు లాగి వెంటపడి, వాడి మీద పడి, రెండు చేతులతో అదిమాడు. వ్యాను నిలువునా అంటుకుంది. అంత మంటలోనూ దాని ఇంజను కాసేపు ఆడుతూనే ఉంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ పోలేదు.

హోసూరులో చూసి కృష్ణగిరి పెద్దాసుపత్రికి పంపారు. మా అత్త కొడుకును ఒక్కసారి చూసి స్పృహ తప్పింది. ఆమెను చుట్టాలు ఇంటికి తీసుకుపోయారు. మామ రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు కట్టారు. ఆ చేతులు ఒడిలో పెట్టుకుని వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాడు. నేను నీళ్ళు తాగిస్తే తాగాడు, లేకపోతే లేదు. ఒక్క కన్నీటి చుక్క రాలేదు.

రెండో రోజు సాయంత్రం రక్షిత్ తండ్రిని అడిగాడని నర్సు వచ్చి పిలిచింది. నేను మామను పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. ముఖంలో కళ్ళు, పెదవులు మాత్రం కనిపిస్తున్నాయి.

“నాయనా, పూలు?” అన్నాడు.

“పోయినాయి నాయనా. మంచి రేటుకు పోయినాయి” అన్నాడు మామ. తోట గట్టు మీద మూటల్లో ఆ పూలు మగ్గి కుళ్ళుతున్నాయి. వాటిని ముట్టుకునే దిక్కు లేదు.

“నీ చేతులకు ఏమైంది?”

“ఏమీ కాలేదు. ఊరికే కట్టినారు.”

రక్షిత్ కాసేపు ఊపిరి తీసుకున్నాడు. నన్ను చూసి “వదినా, ఇంక నీకు తోసే పని లేదు” అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నేను నవ్వాను కూడా. బయటికి వచ్చి గోడకు తల ఆనించి ఏడ్చాను.

తెల్లవారితే ఆయుధ పూజ. ఆ తెల్లవారుజామునే వాడు పోయాడు.

కాగితాలు, పోలీసులు, పోస్టుమార్టం అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బయలుదేరే ముందు అత్త ఫోన్ చేసింది. ఆమె గొంతు అంత నిమ్మళంగా ఎలా ఉందో నాకు అర్థం కాలేదు.

“పవిత్రా, మీ మామకు చెప్పమ్మా. దావలో బండి యాడా నిలపొద్దండి. ఇంజను ఆగితే బిడ్డ ఆడనే దిగిపోతాడు. వాడికి ఆ పక్క దావలు తెలీవు. నేరుగా ఇంటికి పిలుచుకోని రాండి.”

మా వైపు ఈ నమ్మకం అందరికీ ఉంది. పోయిన మనిషిని తెచ్చే బండి దారిలో ఆగితే, ప్రాణం ఊరొచ్చిందనుకుని అక్కడే దిగిపోతుందట. నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాదు. కానీ కన్నతల్లి అది ఒక్కటే అడిగినప్పుడు నా నమ్మకాలు ఎవరికి కావాలి? మామకు చెప్పాను. తల ఊపాడు.

శవాల బండి డ్రైవరు పేరు శక్తి. తమిళం అతను గానీ తెలుగు బాగా మాట్లాడేవాడు. మామ అతని పక్కన కూర్చున్నాడు. నేనూ దర్శనూ వెనక రక్షిత్ దగ్గర కూర్చున్నాం. మధ్యలో చిన్న కిటికీ. టోల్‌గేటు వచ్చినప్పుడు మామ ఆ కిటికీ దగ్గరికి ముఖం తెచ్చి “రక్షితా, టోల్‌గేటు దాటతా ఉండాము. మావెంటే రా నాయనా” అన్నాడు. వంతెన వచ్చినప్పుడు వంతెన వచ్చిందని చెప్పాడు. రోడ్డు నిండా అరటి పిలకలు, చామంతి దండలు కట్టుకున్న లారీలు. చూడలేక కళ్ళు మూసుకున్నాను.

శూలగిరి ఇంకా రాకముందే శక్తి బండి వేగం తగ్గించాడు. “పెద్దాయనా, కోపం చేసుకోవద్దు. డీజిలు అయిపోవస్తా ఉంది. పొద్దన్నించి ఈ బండికి నిలకడ లేదు. మీ ఊరి దాకా రాదు. బంకులో పోయించుకోవాల.”

దర్శన్ కిటికీలోంచి వంగి “పోయించుకోప్పా. ఇంజను మాత్రం ఆపొద్దు” అన్నాడు.

బంకులో పంపులకు కూడా పూజ చేశారు. కుంకుమ బొట్లు, పసుపు చామంతి దండలు. యూనిఫారం చొక్కా తొడుక్కున్న ఒక అమ్మాయి వచ్చింది. చొక్కా మీద భరణి అని పేరు రాసి ఉంది. బండి ఏమిటో చూసి చెప్పులు విడిచి చేతులు జోడించింది. అయినా మెల్లగా అంది. “అన్నా, ఇంజను ఆపాల.”

“పిల్లోడమ్మా. ఇంటికి పోయేదాకా ఆపగూడదంట, వాళ్ళమ్మ చెప్పింది” అన్నాడు శక్తి.

“నాకు తెలుసన్నా. మా ఊర్లో గూడా నిలపరు. కానీ ఈడ రూలు అది.”

దర్శన్ దిగాడు. మా ఆయన ఎవరినీ బతిమాలడం నేను చూడలేదు. అప్పుడు చూశాను. “అమ్మా, మా తమ్ముడమ్మా. ఆగితే మా యమ్మ తట్టుకోలేదు. ఈ ఒక్కసారికి పొయ్యమ్మా” అని చేతులు జోడించాడు. వెనక బండ్లు ఆగాయి. ఆ అమ్మాయి ఆఫీసు గది వైపు చూసింది, వెనక అద్దంలోంచి నన్ను చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“సరే అన్నా. ఎవరన్నా అడిగితే నేను చెప్పుకుంటాను” అని గొట్టం తీసింది.

“వద్దు” అన్నాడు మామ.

అందరం ఆయన వైపు చూశాం. ఆయన శక్తి వైపు తిరిగి “ఆపప్పా” అన్నాడు.

“నాయనా, అమ్మ ఏమి చెప్పింది? ఆ పాప పోస్తానంటా ఉంది గదా” అన్నాడు దర్శన్.

“ఆ పాప ఆడ నిలబడుండాదిరా” అన్నాడు మామ. “ఆపప్పా శక్తీ.”

శక్తి తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. కృష్ణగిరి నుంచి నా కాళ్ళ కింద అదురుతూ వచ్చిన నేల ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో దర్శన్ ఒక చేత్తో పంపును పట్టుకుని నిలబడ్డాడు. నా మరిది దిగిపోతున్నాడని నాకు నిజంగా అనిపించింది. నమ్మకాలు లేవన్న నేనే రక్షిత్ కాలు గట్టిగా పట్టుకున్నాను.

డీజిలు పోయడం అయ్యాక మామ దిగి వెనకకు వచ్చాడు. కట్లు కట్టిన చేతులతో తలుపు గొళ్ళెం తీయలేకపోతుంటే భరణి వచ్చి తీసింది. తలుపు తెరిచి పట్టుకుని మామ బయటికి, బంకు వైపుకు తిరిగి నిలబడ్డాడు. బస్సు దగ్గర పిల్లవాడి కోసం చూసినట్లు అటూ ఇటూ చూశాడు.

“రక్షితా, దిగినావా నాయనా? ఇది మన ఊరు కాదు. ఎక్కు. అమ్మ చూస్తా ఉంటుంది, పోదాం రా” అన్నాడు.

తలుపు అలాగే పట్టుకున్నాడు. వెనక బండ్లవాళ్ళు ఒక్కరూ హారన్ కొట్టలేదు. చివరికి తనే, మనిషి ఎక్కాక వేసినట్లు మెల్లగా తలుపు మూశాడు.

ఆయన ముందుకు వెళ్ళి మెట్టు మీద కాలు పెట్టేసరికి శక్తి తాళం తిప్పాడు. తిప్పీ తిప్పగానే ఇంజను అందుకుంది. మామ ఆ చప్పుడు విని ఆగిపోయాడు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద.

“తాళం తిప్పితే లేచిందిరా దర్శనూ” అన్నాడు. “చూడరా, ఊరికే తాళం తిప్పితే లేచింది.”

ఆసుపత్రిలో అన్ని గంటలు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. దర్శన్, శక్తి ఇద్దరూ పట్టుకుని ఎక్కించారు. హోసూరు దాటి, బాగలూరు దాటి, మా తోట గట్టు మీదుగా ఊళ్ళోకి వచ్చేదాకా ఆయన ఆ ఏడ్పు ఆపలేదు, వచ్చిన ఊరల్లా కొడుక్కు చెప్పడమూ ఆపలేదు.

మా అత్త వాకిట్లో నిలబడి ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు చెరొక భుజం పట్టుకున్నారు. రక్షిత్‌ను దించి చాప మీద పడుకోబెట్టేదాకా ఆమె కదల్లేదు. తర్వాత వాళ్ళను విడిపించుకుని నేరుగా మామ దగ్గరికి వచ్చింది.

“యాడన్నా నిలిపినారా?” అని అడిగింది.

దర్శన్ వాళ్ళ నాయన వైపు చూశాడు. లేదని చెప్పమని అతని కళ్ళు బతిమాలుతున్నాయి. చెప్పినా తప్పులేదు. ఆ అబద్ధానికి ఏ దేవుడూ కోప్పడడు.

“నిలిపినాను” అన్నాడు మామ. “శూలగిరికి ఆ పక్క, బంకులో. ఇంజను ఆపించినాను. ఆపించింది నేనే పుట్టా, ఎవురూ కాదు.”

అత్త ఆయన చేతుల కట్లు చూసింది. వాటిని తన రెండు చేతుల్లోకి, నొప్పి పుట్టకుండా, తీసుకుంది.

“మళ్ళ పిలిచినావా?”

“పిలిచినాను. తలుపు తీసి పెట్టుకోని పిలిచినాను. ఎక్కినాడో లేదో నాకు తెలీలేదు.”

“నువ్వు పిలిచినావు గదా, ఎక్కింటాడులే” అంది అత్త. “నీ మాట ఎప్పుడన్నా కాదన్నాడా వాడు?”

ఓదార్చడానికే అంది. ఆమె మనసులో ఇంకేమీ లేదని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. మామ ఆమె ముఖంలోకి చూశాడు. కొడుకు పక్కన నేల మీద కూలబడ్డాడు. అత్త కూడా ఆయన పక్కన కూర్చుని, కట్లు కట్టిన ఆ చేతులను ఒళ్ళో పెట్టుకుని, “ఎక్కింటాడు, ఎక్కింటాడు” అని చెబుతూనే ఉంది.